డ్రిల్లు సారు తెరిచిన బానెట్

పాలమూరులో నేను కారు సర్వీసుకిచ్చే షోరూంలో ఒక గాజు తలుపు ఉంది. ఇవతల ఏసీ, మెత్తటి సోఫాలు, కాఫీ మిషను. అవతల బండ్లు. ఎవరైనా ఆ తలుపు తీసినప్పుడల్లా పెట్రోలు వాసన గుప్పున వచ్చి, మూసుకోగానే ఆగిపోతుంది. మొన్న అక్కడ కూర్చున్నప్పుడు ఆ వాసన తగిలేసరికి చేతిలో ఉన్న కాఫీ తాగబుద్ధి కాలేదు. ఇంతలో షోరూం అమ్మాయి నవ్వుతూ వచ్చి, ట్యూనప్ ప్యాకేజీలో ఏమేం ఉంటాయో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, ధర మాత్రం కాగితం మీద వేలితో చూపించి, "చేసేయమంటారా మేడం?" అని అడిగింది. చేసేయమన్నాను. ఇప్పటి బండ్ల బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడదు, కాదని నేనేం చేయగలను? అయినా ఒకసారి లోపలికి వెళ్ళి చూడాలని మనసు పీకింది. కస్టమర్లు లోపలికి రాకూడదని తలుపు మీదే రాసి ఉంది. అలాంటి రాత చూస్తే మొహం మాడ్చుకునే మనిషిని ఒకరిని నేనెరుగుదును. ఆయన ప్రభుదాసు సారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు నాకు వ్యవసాయ విస్తరణాధికారి ఉద్యోగం వచ్చింది. పోస్టింగు కొత్తకోటలో. మాది కొల్లాపూర్ దగ్గర పల్లె, రోజూ వచ్చిపోవడానికి కుదిరే దూరం కాదు. బెంగళూరు రోడ్డుకు కొంచెం లోపలగా, చర్చి వెనక గల్లీలో ఒక గది కిరాయికి దొరికింది. ఆ ఇంటాయనే ప్రభుదాసు సారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి ఊళ్ళో పెద్దరైతుల దగ్గర జీతముండి బతికినవాడు. తనకంటూ గుంటెడు భూమి లేని ఆ ఇంట్లోంచి సారు పరుగెత్తుకుంటూ, కబడ్డీ ఆడుకుంటూ సర్కారు కొలువు దాకా వచ్చాడు. పిల్లలు లేరు. భార్య సుగుణమ్మను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైపోయి అప్పటికే డయాలసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు, పొద్దు పొడవకముందే బయలుదేరి పాలమూరు దవాఖానకు పోవాలి. బస్సులో నిలబడి పోయే ఓపిక ఆమెకు లేదు. అందుకే సారు ఒక పాత చిన్న కారు కొన్నాడు, అదీ రెండు చేతులు మారి ఎవరో వదిలేసినది. ఆ కారు నడిస్తే పెద్దమ్మ రక్తం శుభ్రపడుతుంది, నడవకపోతే లేదు. ఆ ఇంట్లో మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

నేను చేరిన కొత్తలోనే ఒకనాడు సారు కంపెనీ షోరూంలో బండికి ట్యూనప్ చేయించి వచ్చాడు. బిల్లు చూసి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు. "ఓ శైలజా, జర ఇటు రా. గవర్మెంటోల్లు నాకు రక్తం ఉత్తగనే కడుగుతున్నరు. వీల్లు గీ డొక్కు బండిని కడిగినందుకు ఎంత గుంజిన్రో చూడు. నాకన్న దీనికే విలువ ఎక్కువున్నట్టుంది" అంది. సారు నవ్వలేదు. చొక్కా కూడా విప్పకుండా బండి చుట్టూ తిరుగుతున్నాడు. "పైసలు పోతె పోయినయి తియ్. లోపలికి పోయి చూస్తనంటె రానియ్యలె. కుర్సీ చూపిచ్చి కూసోమన్నరు. నా బండికి ఏం చేసిన్రో నాకు తెల్వొద్దా?" అన్నాడు. డ్రిల్లు మాస్టారు కదా, పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి తాను ఈల వేసినవాడు. తననే ఎవరో కుర్చీలో కూర్చోబెడితే ఆయనకు గిట్టలేదని అప్పుడు అనుకున్నాను. నేను సగమే అర్థం చేసుకున్నానని తర్వాత తెలిసింది.

ఒకసారి నాకు పాలమూరులో మీటింగు పడి వాళ్ళ బండిలోనే వెళ్ళాను. దవాఖానలో పెద్దమ్మ పేరు పిలిచారు. ఆమె సంచీ భర్త చేతికిచ్చి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. అందులోకి పేషెంటు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. సారు బయట సిమెంటు బెంచీ మీద, ఆ సంచీని ఒళ్ళో పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లవాడిలా నిటారుగా కూర్చున్నాడు. చాయ్ తాగుదాం రమ్మంటే రాలేదు. "నువు పోయిరా బిడ్డా. ఏమన్న అవసరం పడి పిలిస్తె ఎట్ల?" అన్నాడు. వాళ్ళు ఎప్పుడైనా పిలిచారా అని అడిగాను. పిలవలేదన్నాడు. ఒళ్ళోని సంచీ సర్దుకుని తనే చెప్పాడు. "గీడ ఆమెను లోపలికి తీస్కపోయి తలుపేస్తరు. ఆడ బండిని లోపలికి తీస్కపోయి తలుపేస్తరు. రెండు దిక్కుల నేను బయటనే కూసుంటె ఎట్ల బిడ్డా? ఒక్కటన్న నా చేతుల ఉండాలె గద."

అలా మొదలైంది ఆయన సొంత వైద్యం. హైవే మీద లారీల షెడ్డు నడిపే పాత శిష్యుడి దగ్గరికి పోయి కూర్చుని కొంత నేర్చుకున్నాడు. ఫోనులో వీడియోలు చూసి కొంత. నిజం చెప్పాలంటే సారుకు పెద్దగా వచ్చేది కాదు. ఒకసారి పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేస్తానని మర తిప్పి తిప్పి, గల్లీ అంతా నల్లపొగ చేశాడు. ఇంకోసారి ప్లగ్గును బలమంతా పెట్టి బిగిస్తే అది ఊడిరాక షెడ్డు వాళ్ళను బతిమాలుకోవలసి వచ్చింది. పెద్దమ్మ కిటికీలోంచి, "కోతిపుండు బ్రహ్మరాక్షసి చెయ్యకు, చెప్తున్న" అని అరిచేది. కానీ ఆదివారం ప్రార్థన కాగానే బానెట్ ఎత్తడం మాత్రం తప్పేది కాదు. తెల్లచొక్కా విప్పి దండెం మీద వేసి, పాత దుప్పటి నేల మీద పరిచి, నట్లు తిప్పే పానాలు వరుసగా పేర్చేవాడు. ప్లగ్గులకు పట్టిన మసి గరుకు కాగితంతో గీకేవాడు. ఇంజనుకు గాలి వడగట్టే జాలీని అరుగుకు కొట్టి దుమ్ము దులిపేవాడు. ప్లగ్గులకు కరెంటు తెచ్చే వైర్లు మూడుంటాయి. వాటి దగ్గర మాత్రం ఆయన చాలా భయంగా ఉండేవాడు. "ఒకటి తియ్యాలె, తుడ్వాలె, మల్ల ఆడనే పెట్టాలె. గప్పుడే రెండోది. మూడు ఒక్కసారి గుంజినవంటె ఏది ఏడిదో తెల్వక ఆగమైతవు" అని పక్కన నిలబడ్డ వాళ్ళకు చెప్పేవాడు, వాళ్ళు అడిగినా అడగకపోయినా.

పని అయ్యాక స్టార్టు చేసి, ఇంజను చప్పుడు నిలకడగా వస్తే కిటికీ వైపు చూసేవాడు. పెద్దమ్మ తల ఊపేది. అంతే. షోరూంకిచ్చే పైసలు మిగిలినందుకు కూడా ఆ ఇంట్లో సంతోషం ఉండేది, లేదనను. పింఛను మీద బతికేవాళ్ళకు అది చిన్న సంగతేం కాదు. కానీ సారు మొహంలో ఆదివారం మధ్యాహ్నం కనిపించే ఆ వెలుగు మిగిలిన రూపాయల వల్ల వచ్చింది కాదు. భార్య కోసం తన చేతులతో చేసిన పని ఒకటి వారంలో ఉంది, ఆయనకు అది చాలు.

ఆ ఏడు దసరాకు మా గల్లీలో అందరూ బండ్లు కడుగుతున్నారు. ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు, ఆఖరికి పిల్లల సైకిళ్ళు. పసుపు బొట్లు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. సారు వాళ్ళు యేసును నమ్మినవాళ్ళు, ఇవేవీ చేయరు. కానీ పెద్దమ్మకు ఆ రోజు ఒంట్లో కొంచెం బాగుంది. వాకిట్లోకి వచ్చి కాసేపు అందరినీ చూసి, "పూజ లేకుంటె లేదు, స్నానమన్న చేయిద్దాం. గల్లీలున్న బండ్లన్ని తానమాడి కూసున్నయి. మనదొక్కటే మురికిది" అంది. సారు అద్దాలు తుడవబోతే ఆమె ఒప్పుకోలేదు. బానెట్ ఎత్తమంది. "పైపైన తుడిస్తె తానమైతదా? వారం వారం నన్ను మోసేది లోపలిదే గద" అని, కుడిచేత్తో చెంబులు ముంచి ఇంజను మీద పోయడం మొదలుపెట్టింది. ఎడమచేతికి డయాలసిస్ సూదులు గుచ్చే చోటు ఉంది, ఆ చేత్తో బరువెత్తకూడదు. పోస్తూ పోస్తూ తనలో తానే ఏదో పాడుకుంటోంది. అంత ఖుషీగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు. సారు, "ఓ చాలు, చాలు" అంటూనే ఉన్నాడు గానీ చెంబు మాత్రం లాక్కోలేదు. ఎలా లాక్కుంటాడు? అదే నీళ్ళు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలోకి దిగాయి. సాయంత్రం బండి తీయలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మరునాడు డయాలసిస్. తెల్లవారుజామున సెల్ఫ్ కొడుతున్న చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. కొట్టి కొట్టి ఆగుతోంది, మళ్ళీ కొడుతోంది. బయటికి వచ్చేసరికి పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. గల్లీలో పండగ కదా అని ముందురోజు నీళ్ళు, పులుసు కొంచెం ఎక్కువే తీసుకుందేమో, అదంతా ఒంట్లోనే నిలిచి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. సారు బానెట్ కింద తలపెట్టి ఉన్నాడు. మూత లోపల తడి ఉందని కనిపెట్టాడు కూడా. అక్కడిదాకా సరిగ్గానే చేశాడు. కానీ తొందరలో మూడు వైర్లూ ఒక్కసారే గుంజేశాడు. మూత ఆరబెట్టి వైర్లు పెట్టి స్టార్టు చేస్తే బండి టప్పుమని పేలి ఆగిపోయింది. మార్చి పెట్టాడు, మళ్ళీ పేలింది. "ఆటో పిలవనా సారూ?" అన్నాను. "ఆగు బిడ్డా, అయిపోయింది. గిదో, అయిపోయింది" అన్నాడు. తల ఎత్తలేదు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె ఊపిరి నోటితో తీసుకుంటోంది. భర్త వంగిన వీపును పక్క కిటికీలోంచి చూస్తూ ఇంకా కాసేపు ఓపిక పట్టింది. ఆయన పని ఆయన పూర్తిచేసుకోనీ అన్నట్టు ఉంది ఆ చూపు. చివరికి తనే డోరు తీసి, "శైలజా, ఆటోను పిలువు" అంది. సారు చేతిలోంచి పానా జారి కింద పడింది.

నేనూ వెంట వెళ్ళాను. దారి పొడుగునా ఆమె నా భుజం మీద ఒరిగి, మాట మాటకూ ఆగుతోంది. సారు ఎదురుగా, మసి అంటిన చేతులు మోకాళ్ళ మీద దూరంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను ముట్టుకోవడానికే భయపడుతున్నాడు. పెద్దమ్మ కొంగుతో ఆయన వేళ్ళు తుడుస్తూ, "నీళ్ళు పోసింది నేను గదయ్యా. నువ్వెందుకు మొఖం గట్ల పెడ్తవు?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మేము చేరేసరికి ఆమె మిషన్ దగ్గరి మంచం మీద ఇంకొకరు పడుకుని ఉన్నారు. తప్పు ఎవరిదీ కాదు, ఆలస్యమైతే జరిగేది అదే. ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టి, మధ్యాహ్నం తర్వాత ఎక్కించారు. బతికింది. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరడంతో ఆ తర్వాత కొన్నాళ్ళు అక్కడే ఉండిపోవలసి వచ్చింది. ఇంటి దగ్గర షెడ్డు అబ్బాయి వచ్చి రెండు వైర్లు అటుదిటు మార్చాడట. బండి వెంటనే అందుకుందట. ఆ మాట సారుకు ఎవరూ చెప్పకుండా ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఆయన బానెట్ ముట్టుకోలేదు. కొంచెం చప్పుడు మారినా షోరూంకే. వాళ్ళు ఎంత చెబితే అంత కట్టడం, గాజు తలుపు ఇవతల కూర్చోమన్న చోట కూర్చోవడం. పని బాగానే చేసేవారు, మర్యాదగానూ మాట్లాడేవారు. బండి ఎప్పుడూ మొరాయించలేదు. న్యాయంగా చూస్తే అదే సరైన పద్ధతి, మొదటి నుంచీ అలాగే చేయించాల్సింది అని గల్లీలో నలుగురూ అన్నారు. నేనూ కాదనలేకపోయాను. కానీ ఆదివారాలు ప్రార్థన నుంచి వచ్చిన సారు ఆ తెల్లచొక్కాతోనే అరుగు మీద కూర్చుని సాయంత్రం చేసేవాడు. ఒకరోజు పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "బిడ్డా, ఆయన రోజంత నన్నే చూస్తున్నడే. నేను ఊపిరి తీస్తున్ననా లేదా అని చూస్తున్నడు. నాకు చావు కన్న గా చూపుకే భయమైతాంది. బండి పని నేర్పుమని నువ్వడుగు. నేనడుగుమన్న అని చెప్పకు" అంది.

అడిగాను. తనకే రాదన్నాడు. నాకు స్కూటీ తప్ప ఇంకేదీ రాదని, రేపు కారు కొనుక్కుంటే అందరూ మోసం చేస్తారని ఏడుపుమొహం పెట్టాను. నాలుగు ఆదివారాలు వెంటపడ్డాక ఒకరోజు చొక్కా విప్పి దండెం మీద వేశాడు. ఆ రోజు పానా పట్టింది నేను. ఆయన వేలు కూడా పెట్టలేదు, పక్కన నిలబడి బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ప్లగ్గు మొదట చేతి వేళ్ళతోనే తిప్పాలని, అది మెత్తగా దిగితేనే పానా పెట్టాలని, బలం చూపించే చోటు అది కాదని. పెద్దమ్మ కుర్చీ వాకిట్లో వేయించుకుని మరీ కూర్చుంది. "సారూ, పొల్లకు మంచిగ చెప్పు, తిట్టకు" అంటూ ఒకటే పోరు. బండి అందుకున్నాక సారు చాలాసేపటికి నవ్వాడు. తర్వాతి ఆదివారం నేను అడగక ముందే బానెట్ ఎత్తి ఉంది.

ఆ చలికాలం పెద్దమ్మ పోయింది. డయాలసిస్ నడుస్తుండగానే బీపీ పడిపోయిందట. బండి ఆ రోజు ఏ ఇబ్బందీ పెట్టకుండా సమయానికే చేర్చింది. సారు బయట బెంచీ మీదనే ఉన్నాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి ఆయనను పేరు పెట్టి లోపలికి పిలిచారు. ఆమెను తెల్లగుడ్డలో చుట్టి అంబులెన్సులో ఇంటికి తెచ్చారు. చర్చి సంఘంలోని ఆడవాళ్ళు స్నానం చేయించడానికి లోపలి గదిలోకి తీసుకుపోయారు. సారు వాళ్ళ వెనకే రెండడుగులు వేశాడు. "మీరు ఆడనే ఉండుండ్రి సారూ, మేం చేస్తం గద" అన్నది పెద్ద వయసామె. ఎంతో మెత్తగానే అన్నది. తలుపు మూసుకుంది. ఆయన ఆ తలుపు ముందే నిలబడిపోయాడు. నేను వాళ్ళ సంఘం మనిషిని కాదు కాబట్టి నేనూ ఆయన పక్కనే ఉన్నాను. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు వినపడుతోంది. సారు రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జేబుల్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

తర్వాత కొన్ని నెలలకు ఆ బండికి కాలం చెల్లింది, ఫిట్‌నెస్ రాదన్నారు. పాత ఇనుముకు కొనేవాడితో మాట్లాడుకున్నాడు. వాడు వచ్చేది సోమవారం. ఆదివారం నేను ఊరి నుంచి వచ్చేసరికి దుప్పటి పరిచి ఉంది, పానాలు వరుసగా ఉన్నాయి. సారు ప్లగ్గులు గీకుతున్నాడు. కొత్త గాలి జాలీ కూడా కొని తెచ్చాడు. "రేపు పగలగొట్టే బండికి ఇదంతా ఎందుకు సారూ?" అన్నాను. ఆయన పని ఆపలేదు.

"నీకు నవ్వొస్తదేమో బిడ్డా. ఆమెను నేను ముట్టనే లేదు. గిన్నేండ్లు నాతోని ఉన్నది, ఆఖరుకు ఒక చెంబు నీళ్ళు పోయనియ్యలె. నేను గూడ గట్టిగ అడగలె. అడుగుతె కాదందురా? గిదన్న నా చేతుల మీద పోనీ."

నేను దుప్పటి మీద కూర్చుని వైర్లు తుడిచాను. సారు ఆ మరుసటి ఏడాదే పోయాడు. నేను అప్పటికి బదిలీ మీద నాగర్‌కర్నూల్ వైపు ఉన్నాను, ఆలస్యంగా తెలిసింది.

కారు పని ఆయన నాకు నేర్పింది చాలా వరకు ఇప్పుడు పనికిరాదు. షోరూంకిస్తాను, ధర కట్టి వస్తాను, అందులో నాకు సిగ్గేమీ లేదు. కానీ రెండేళ్ళ క్రితం మా బాపు పోయాడు. నాకు అన్నదమ్ములు లేరు. వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టి, వేన్నీళ్ళు కాచి, మా చిన్నాయన కొడుకులను పిలిచారు. నన్ను మా అమ్మ పక్కన కూర్చోమన్నారు. నేను లేచి వెళ్ళి చెంబు పట్టుకున్నాను. "ఆడివిల్లవు, నీకెందుకు బిడ్డా? పోరగాండ్లున్నరు గద" అన్నాడు మా పెదనాయిన. "నేనే పోస్త" అన్నాను. ఆయన ఇంకొకసారి అన్నాడు. నేను ఇంకొకసారి, ఈసారి గట్టిగా అన్నాను. తర్వాత మా చిన్నాయన కొడుకు పక్కకు జరిగి, సబ్బు నా చేతికిచ్చాడు. బాపు తల తడిపి, చెవుల వెనక రుద్ది, చేతులు కడిగి, కాళ్ళ దగ్గరికి వచ్చాను. మడిమల పగుళ్ళలో బాపు దున్నిన చెలక మట్టి ఇరుక్కుని ఉంది. ఎంత రుద్దినా అంతా పోలేదు. పోయినంత వరకు నేనే కడిగాను.